సెలయేరు కోసిన కోన

న్యూయార్క్ అన్నంతనే మనకు స్ఫురించేది ఆకాశాన్నంటే మేడలుగల మహానగరం. ఆ నగరం ఉన్న రాష్ట్రం పేరు కూడ న్యూయార్కేనన్న సంగతి, ఆ రాష్ట్రంలో అధికభాగం కొండలు, పొలాలు, అడవులు, సరస్సులేనన్న సంగతి చాలమందికి తోచదు. నగరానికి వాయవ్యంగా కారులో నాలుగైదు గంటలు ప్రయాణం చేస్తే పదకొండు పొడవాటి సరస్సులున్న ప్రదేశం వస్తుంది. పటంలో చూస్తే అవి ఉత్తర దక్షిణాలుగా చాచిన చేతివ్రేళ్ళవలె కనిపిస్తాయి. అందుచేత వాటికి వ్రేళ్ళ సరస్సులు అనే పేరు వచ్చింది. వీటిలో అన్నిటికంటె లోతైనది సెనెకా. దాని దక్షిణపు కొసను వాట్కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊరున్నది. మోటారు పందాలను గూర్చి తెలిసినవారు ఈ పేరు వినియే ఉంటారు. 1948లో అక్కడ ఊరి వీధులలోనే పందాలు మొదలైనవి. అయితే ఊరి పేరులో 'గ్లెన్' చేరినది పందాలవల్ల కాదు. ఊరి పెద్దవీధికి పడమటి ప్రక్కన, అంగళ్ళను ఆనుకొని, కొండలో ఒక చీలిక ఉన్నది. ఆ చీలికే గ్లెన్.

రెండు కొండల నడుమ ఇరుకుగా ఉండే లోయకు అక్కడివారు ఆ మాట వాడుతారు. దానికి సరిపోయే తెలుగుమాటను వెతుక్కోనక్కరలేదు. తలకోన, కైలాసకోన అని మనము పలికే పేర్లలోని 'కోన' అదే. కోనలో ఏరు, ఏటిమీద జలపాతం, జలపాతం క్రింద మడుగు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలవారికి దీనిని విడమరచి చెప్పవలసిన పని లేదు.

వాట్కిన్స్ కోనలో పారే ఏటిపేరు గ్లెన్ క్రీక్. ఇది రెండు మైళ్ళ దూరంలో 400 అడుగులు దిగుతుంది. ఈ దిగుడులో 19 జలపాతాలున్నవి. ఇరుప్రక్కల రాతిగోడలు కొన్నిచోట్ల 200 అడుగుల ఎత్తున నిలిచి ఉంటాయి. గోడలవెంట, వంతెనలమీదుగా, సొరంగాలగుండా, రెండుచోట్ల జలపాతపు తెర వెనుకనుంచి కూడ ఒకటిన్నర మైలు కాలిబాట పోతుంది. బాటపొడుగునా 832 రాతిమెట్లున్నవి. 1863లో ఒక పత్రికారచయిత దీనిని రుసుము పుచ్చుకొని చూపించే విహారస్థలంగా తెరిచాడు. 1906లో న్యూయార్క్ రాష్ట్రప్రభుత్వం కొని ఉద్యానంగా చేసింది. నేడు న్యూజెర్సీ, న్యూయార్క్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారు నయాగరాకు పోయే దారిలో ఆగి చూచే చోట్లలో ఇది ఒకటి.

చూచేవారికి ఇక్కడ మొదట కలిగేది ఆనందం. కొంచెం నిలిచి ఆలోచిస్తే సందేహం కూడ కలుగుతుంది. వానలు లేని వేసవిలో ఈ ఏరు మన ఊరి పంటకాలువ కంటె పెద్దదేమీ కాదు. చాలచోట్ల మోకాటిలోతు నీరు. ఇంత చిన్న ఏరు ఇంత రాతిని ఎట్లా కోసింది? ఎగువకు పోయి చూస్తే సందేహం ఇంకా పెరుగుతుంది. కోన దాటిన తరువాత ఇదే ఏరు వాలు తక్కువైన, వెడల్పైన సామాన్యమైన లోయలో పారుతూ ఉంటుంది. అక్కడ కోయని రాతిని ఇక్కడ మాత్రమే ఎందుకు కోసింది?

వ్రేలాడే లోయ

ఈ ప్రశ్నకు సమాధానం ఏటిలో లేదు, సరస్సులో ఉన్నది.

సెనెకా సరస్సు లోతు 618 అడుగులు. దాని నీటిమట్టం సముద్రమట్టానికి 445 అడుగుల ఎత్తున ఉన్నది. అనగా సరస్సు అడుగు సముద్రమట్టానికి 170 అడుగులకు పైగా క్రిందికి దిగిపోయినదన్నమాట. ఆ అడుగున పేరుకొన్న మట్టిని, కంకరను కూడ తీసివేసి అసలు రాయి ఎక్కడున్నదో చూస్తే లోతు ఇంకా ఎక్కువ. సముద్రానికి వందలమైళ్ళు దూరాన, పారే నది ఏదీ ఇంత లోతుగా త్రవ్వలేదు. నది తాను కలిసే సముద్రంకంటె దిగువకు తన అడుగును అంతగా కోసుకోజాలదు. త్రవ్వినది నీరు కాదు, మంచు.

ఇటీవలి భూచరిత్రలో, అనగా గడచిన ఇరవై లక్షలకు పైబడిన సంవత్సరాలలో, ఉత్తర అమెరికా ఉత్తరభాగాన్ని మంచు పలుమార్లు కప్పింది. వేల అడుగుల మందంగల హిమానీనదాలు ఉత్తరంనుంచి దక్షిణానికి అతినెమ్మదిగా ప్రాకినవి. మంచు మెత్తనిదే, కాని దాని అడుగున ఇరుక్కొన్న రాళ్ళు ఆకురాయి పండ్లవలె పనిచేస్తాయి. అప్పటికే ఉత్తర దక్షిణాలుగా ఉన్న నదీలోయలు మంచు నడకకు అనుకూలమైనవి. వాటిని మంచు వెడల్పు చేసి, లోతు చేసి, ఇప్పటి సరస్సుల తొట్లుగా మార్చింది. తూర్పు పడమరలుగా ఉండి ఆ లోయలలో కలిసే చిన్న ఏళ్ళ లోయలు మంచు దారికి అడ్డంగా ఉన్నందున అంతగా కోతకు గురి కాలేదు.

పట్టణాలలో వీధిని లోతుగా త్రవ్వి క్రొత్తబాట వేసినప్పుడు ఇరుప్రక్కల పాతయిండ్ల గడపలు మనిషెత్తున మిగిలిపోవడం మనము చూస్తూనే ఉంటాము. ఇక్కడ జరిగినది అదే. సుమారు 12,000 సంవత్సరాల క్రితం మంచు వెనుదిరిగేసరికి పెద్దలోయ పాతాళానికి దిగిపోయింది. గ్లెన్ క్రీక్ ఉన్న ప్రక్కలోయ పైన గడపవలె నిలిచిపోయింది. భూగోళశాస్త్రంలో దీనిని వ్రేలాడే లోయ అంటారు. అప్పటినుంచి ఆ ఏరు తన గడపనుంచి వీధిలోనికి దూకవలసి వచ్చింది. దూకేనీటికి బలం ఉంటుంది. ఆ బలంతో గడపను కోసుకొంటూ వెనుకకు పోవడమే ఈ 12,000 సంవత్సరాల పని.

కాబట్టి కోన ఊరివైపు కొసన మొదలై ఎగువకు పెరిగింది. పైలోయ ఇంకా కోతకు గురి కాలేదు. ఏరు అక్కడ కోయని రాతిని ఇక్కడే ఎందుకు కోసిందనే ప్రశ్నకు ఇదే జవాబు.

ఒక చిన్న లెక్క వేయవచ్చును. 12,000 సంవత్సరాలలో 200 అడుగుల లోతు అంటే ఏటికి సగటున అంగుళంలో అయిదవ వంతు. ఇది సగటు మాత్రమే. ఈ సగటును నమ్మి ఏటేటా అంతే రాయి అరుగుతుందనుకొంటే పొరపడతాము. ఆ సంగతి వరదను గూర్చి చెప్పేటప్పుడు తెలుస్తుంది. మరొకమాట: ఈ సరస్సుల ప్రాంతంలోని కొన్ని కోనలు కడపటి మంచు రాకకు పూర్వమే కొంతవరకు కోయబడి, మంచు తెచ్చిన మట్టితో పూడి, తిరిగి తెరుచుకొన్నవని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అందుచేత కోనలన్నిటికి ఒకే వయస్సు కట్టడం సరికాదు.

కోన పిన్నది, రాయి మాత్రం పెద్దది. కోనకు వయస్సు వేలలో ఉంటే ఇక్కడి రాతికి సుమారు 38 కోట్ల సంవత్సరాలు. ఆ కాలాన్ని డెవోనియన్ యుగమంటారు. అప్పుడు ఈ చోట లోతు తక్కువైన సముద్రమొకటి ఉండేది. దాని తూర్పున లేచిన పర్వతాలనుంచి నదులు మట్టిని, ఇసుకను మోసుకొనివచ్చి ఆ సముద్రంలో పొరలుపొరలుగా పరచినవి. బురద గట్టిపడి షేల్ అనే పెళుసైన పొరలరాయి అయింది. ఇసుక గట్టిపడి ఇసుకరాయి అయింది. ఈ రెండూ ఒకదానిమీద ఒకటిగా, పుస్తకంలో పుటలవలె, కోనగోడలలో కనిపిస్తాయి. ఇంకా పాతసముద్రం ఒకటి ఎండి మిగిల్చిన ఉప్పుపొరలు చాల దిగువన ఉన్నవి. ఊరిలోని కర్మాగారం నేలలోనికి నీరు పంపి ఆ ఉప్పును కరిగించి పైకి తీస్తుంది. ఊరికి ప్రక్కన కొండను నీరు కోస్తుంటే, ఊరి క్రింద ఉప్పును మనుష్యులు నీటితో కరిగిస్తున్నారు.

పెన్న గండికోటవద్ద కోసిన గండిని చూచినవారు ఇక్కడ ఒక తేడా గమనించవచ్చును. గండికోట శిలలు నూరుకోట్ల సంవత్సరాలకు పైబడినవి. అవి క్వార్ట్‌జైటు అనే అతికఠినమైన రాయి. అక్కడ మంచుకు పని లేదు. పెద్దనది దీర్ఘకాలం శ్రమించింది. వాట్కిన్స్ గ్లెన్‌లో చిన్న ఏరు స్వల్పకాలంలో పని ముగించగలిగినదంటే రాయి మెత్తనిది కావడం, వాలు నిటారుగా దొరకడం, ఈ రెండే కారణాలు.

మెట్లవెంట

కొందరు కారును పైద్వారంవద్ద నిలిపి మెట్లు దిగుతూ వస్తారు. కాళ్ళకు అది సుఖమే. కాని కోన పెరిగినది క్రిందనుంచి పైకి గనుక, దానిని అర్థం చేసుకోగోరేవారు క్రిందిద్వారంనుంచే ఎక్కడం మంచిదని నా అభిప్రాయం.

ప్రవేశించగానే రాతిలో తొలిచిన చిన్న సొరంగం, దానిని దాటగానే ఏటిమీద ఒక వంతెన. ఆ వంతెనమీద నిలిచి చూస్తే గోడలో మనుష్యులు తొలిచిన రంధ్రమొకటి కనిపిస్తుంది. పూర్వం ఆ దారిన ఏటినీటిని మళ్ళించి పిండిమర త్రిప్పేవారు. విహారస్థలం కాకముందు ఈ కోన పల్లెవాసులకు ఒక యంత్రశాల.

కొన్ని మెట్లు ఎక్కితే గుహవంటి చోట మొదటి పెద్దజలపాతం. బాట నీటితెర వెనుకనుంచి పోతుంది. నీటివెనుక మనిషి నడిచేంత ఖాళీ ఎట్లా వచ్చింది? ఇసుకరాయి పొర పైన, షేల్ పొర క్రింద ఉన్నచోట నీరు దూకినప్పుడు ఎగసిపడే తుంపర, సుడి క్రిందనున్న మెత్తటిపొరను ముందు తింటాయి. పైపొర చూరువలె ముందుకు మిగులుతుంది. కొంతకాలానికి ఆ చూరు తన బరువు తానే మోయలేక విరిగిపడుతుంది. జలపాతం ఒక అడుగు వెనుకకు జరుగుతుంది. తిరిగి తినడం, తిరిగి విరగడం. నయాగరా వెనుకకు జరిగినదీ ఈ విధంగానే. అక్కడ 12,000 సంవత్సరాలలో జలపాతం ఏడుమైళ్ళు వెనుకకు నడిచింది. ఇక్కడి చిన్న ఏటికి అంత శక్తి లేదు, అయినా పద్ధతి అదే. మనము నడిచే నీటివెనుక ఖాళీ ఆ చూరుక్రింది భాగమే.

గోడలు కొన్నిచోట్ల వడ్రంగి చెక్కినట్లు తిన్నగా, నునుపుగా నిలిచి ఉండడం కూడ గమనించదగినది. భూమి లోపలి ఒత్తిళ్ళవల్ల ఈ శిలలలో నిలువుగా పగుళ్ళు పడినవి. వీటిని సంధులంటారు. ఒకదానికొకటి అడ్డంగా రెండు వరుసల సంధులున్నందున రాయి దిమ్మలు దిమ్మలుగా ఊడివస్తుంది. ఏరు రాతిని అరగదీసి పొడి చేయడం కొంతపని. సందులలో దూరి దిమ్మను కదిలించి ఊడదీయడం అంతకంటె పెద్దపని. ఏరు సంధిని పట్టుకొని పోయినంతదూరం కోన బాణంవలె తిన్నగా ఉంటుంది. ఒక సంధి వదలి మరొకదానికి మారినచోట హఠాత్తుగా మలుపు తిరుగుతుంది.

కోన బాగా ఇరుకైన ఒక చోట సూర్యరశ్మి రోజులో కొద్దిసేపే పడుతుంది. అక్కడ గాలి ఎప్పుడూ చెమ్మగా, చల్లగా ఉంటుంది. గోడలనిండా నాచు, ఫెర్న్ మొక్కలు. కొద్దిదూరం నడిస్తే కోన విశాలమై ఎండ లోపలికి దిగుతుంది. గోడలు ఆరి, వృక్షజాతులే మారిపోతాయి. వందల అడుగుల దూరంలో రెండు వాతావరణాలు. ఈ విశాలమైన చోటును వారు పెద్దచర్చి అని పిలుస్తారు. అక్కడి బండనేలమీద వరుస వరుసలుగా అలల గుర్తులున్నవి. సముద్రపు ఒడ్డున ఇసుకమీద అలలు వదిలే గీతలవంటివే ఇవి. కాని 38 కోట్ల సంవత్సరాల క్రిందటివి. పాదరక్షలతో వాటిపైన నడుస్తూ, పైనున్న జలపాతాన్నే చూస్తూ, క్రిందికి చూడకుండ పోయేవారే ఎక్కువ.

పేర్లను గూర్చి ఒక మాట. పెద్దచర్చి, యాకోబు నిచ్చెన, ప్రేమికుల సందు అనే పేర్లు 19వ శతాబ్దపు విహారయాత్రికుల అభిరుచికి తగినట్లు పెట్టినవి. మన దేశంలో అయితే భీముని అడుగు అనో, సీతమ్మ కొలను అనో ఉండేది. కుంటాల జలపాతానికి శకుంతల పేరు ముడిపెట్టలేదా!

చర్చిని దాటగానే కోనలోకెల్ల ఎత్తైన జలపాతం. అరవై అడుగులకు పైగా దూకుతుంది. దాని ఎగువన మడుగుల వరుస ఉన్నది. అక్కడి బండలో గుండ్రని గుంటలు చెక్కి ఉంటాయి. కొన్ని రుబ్బురోళ్ళవలెను, కొన్ని బావులవలెను ఉంటాయి. ఏటి అడుగున ఒక చిన్నపల్లం ఉన్నచోట నీరు సుడి తిరుగుతుంది. సుడిలో చిక్కిన రాళ్ళు, కంకర గిరగిర తిరుగుతూ పల్లాన్ని రుబ్బుతాయి. పొత్రం అరిగిపోతే ఏరు మరొక పొత్రాన్ని తెచ్చిపెడుతుంది. రోలు మాత్రం లోతవుతూనే ఉంటుంది. మహారాష్ట్రలో నిఘోజ్ గ్రామంవద్ద కుకడి నది అడుగున ఇటువంటివే రాతిరోళ్ళు ప్రసిద్ధికెక్కినవి. ప్రక్కప్రక్కనున్న రోళ్ళ నడిమిగోడలు అరిగి కలిసిపోయినప్పుడు ఏటిగట్లు వంపులుదేరి, కుమ్మరి చేతితో దిద్దినట్లు కనబడుతాయి. వాట్కిన్స్ గ్లెన్ ఛాయాచిత్రాలలో మనల్ని ఆకర్షించే ఒంపుసొంపులన్నీ పగిలిపోయిన రోళ్ళే.

ఇంకా పైన ఇంద్రధనుస్సు జలపాతం. బాట మరల నీటివెనుకకు పోతుంది. ఎండ కోనలోనికి వాలుగా దిగే మధ్యాహ్నపు వేళలలో ఇక్కడ తుంపరలో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. అయితే ఎక్కడ నిలిచినా కనిపించదు. సూర్యుడు మన వీపువెనుక ఉండవలెను. మన తలనీడ పడే దిక్కునుంచి సుమారు 42 డిగ్రీల కోణంలో తుంపర ఉండవలెను. నీటిబిందువులోనికి పోయిన కిరణం లోపలిగోడను తాకి మరలి వచ్చేటప్పుడు వర్ణాలుగా విడిపోయి, ఆ కోణంలోనే ఎక్కువగా వెలువడుతుంది. ప్రక్కప్రక్కన నిలిచిన ఇద్దరు చూచేది ఒకే ధనుస్సు కాదు. ఎవరి కంటికి వారి బిందువులే ఆ రంగును పంపుతాయి. రాలేదని విసుగుపడి వెళ్ళిపోయేముందు నాలుగడుగులు అటూ ఇటూ జరిగి చూడడం మంచిది.

1935 వరద

వేసవిలో మోకాలిలోతుగా పారే ఏటిని చూచి దీని శక్తిని అంచనా వేయరాదని ముందే చెప్పినాను. నీరు మోయగల రాతిబరువు నీటివేగంతో సమంగా పెరగదు. సుమారుగా వేగం ఆరవ ఘాతంతో పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపైతే, అంతకుముందు కదిలించగలిగినదానికంటె 64 రెట్లు బరువైన రాయిని నీరు కదిలించగలదు. వేగం మూడింతలైతే 729 రెట్లు. నిన్న గులకరాతిని మాత్రమే దొర్లించిన ఏరు ఈనాటి వానకు బండను దొర్లించడంలో వింత లేదు. ఏడాదిపొడుగునా పారిన నీరు చేయలేని కోత ఒక్క పూట వరద చేస్తుంది. అంగుళంలో అయిదవ వంతు అనే సగటుకు అర్థం ఇదే. పదేండ్లు ఏమీ జరుగనట్లే ఉండి, ఒకనాడు ఇంటిగోడంత దిమ్మ ఊడిపోతుంది.

1935 జూలైలో ఆ ప్రాంతంలో కుంభవృష్టి కురిసింది. కోనమీదుగా, ఏటిమట్టానికి 85 అడుగుల ఎత్తున, ఒక వ్రేలాడే వంతెన ఉన్నది. వరదనీరు ఆ వంతెనకు అయిదడుగుల దిగువవరకు లేచింది. అంతటి ఎత్తుకు లేవడానికి కారణం కోన ఇరుకుదనమే. మైదానంలో అయితే పొలాలమీద పరచుకొనిపోయే నీరు ఇక్కడ గోడల నడుమ నిలువుగా పెరుగవలసి వచ్చింది. అంతకుముందు కట్టిన బాటలు, ఇనుపమెట్లు, వంతెనలు కొట్టుకొనిపోయినవి.

అవి అమెరికాలో ఆర్థికమాంద్యం రోజులు. పనిలేని యువకులకు అడవులలో, ఉద్యానాలలో పని కల్పించడానికి ఆ ప్రభుత్వం 1933లో ఒక సంరక్షణదళం ఏర్పాటు చేసింది. ఆ దళంవారే ఈ బాటను తిరిగి నిర్మించారు. ఈసారి ఇనుమును మాని, చూపుకు కొండలో కలిసిపోయే విధంగా రాతితో కట్టారు. నేడు మనము ఎక్కే మెట్లు చాలవరకు అప్పటివి. నీటిని అడ్డగించకుండ, గోడలను ఆనుకొని, ఏటిమార్గాన్ని ఏటికే వదిలి కట్టినందువల్ల అవి నిలిచినవి. ఈ నిర్మాణం నా దృష్టిలో జలపాతాలతో సమంగా చూడదగినది.

రాతిని విడదీయడంలో నీటికంటె మంచుగడ్డ చేసే హాని తక్కువది కాదు. నీరు గడ్డకట్టేటప్పుడు నూటికి తొమ్మిదివంతులు ఉబ్బుతుంది. సంధులలో చేరిన నీరు చలికాలపు రాత్రి గడ్డకట్టి రాతిని నెడుతుంది; పగలు కరిగి ఇంకా లోపలికి దిగుతుంది; రాత్రి మరల నెడుతుంది. ఇట్లా ఒక శీతకాలంలో అనేకసార్లు. అందుచేత నవంబరు మొదలు మే మధ్యవరకు కోనలోని బాటను మూసివేస్తారు. వసంతంలో పనివారు త్రాళ్ళతో గోడలమీదికి దిగి, వదులైన రాళ్ళను ఇనుపకడ్డీలతో కదిలించి పడగొట్టి, ఆ తరువాతనే జనాన్ని రానిస్తారు. ద్వారం మూసియుండగా కంచె దాటి లోపలికి పోయేవారు తలపైన ఏమి వ్రేలాడుతున్నదో తెలియనివారు.

మడుగుల సంగతి

ఈ కోనలో ఏటిలో దిగి ఈదడానికి అనుమతి లేదు. నీరు నిర్మలంగా, పచ్చగా, శాంతంగా కనబడుతుంటే ఈ నిషేధం అనవసరమని యువకులు భావించడం సహజం. 2024లో అదే న్యూయార్క్ రాష్ట్రంలో మరొక జలపాతంవద్ద ఒక తెలుగు విద్యార్థి, స్కాట్లండులో రెండు నదులు కలిసేచోటి జలపాతంవద్ద ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగి మరణించారు. మన కుంటాల మడుగులో మునిగినవారి వార్తలు కూడ మనకు క్రొత్తవి కావు. ఈత వచ్చినవారు సైతం ఇట్లా ఎందుకు మునుగుతారు? దీనికి కారణాలు అదృష్టంలో లేవు, నీటి నడకలో ఉన్నవి.

మొదటిది, జలపాతం క్రింద నీరు నిండుగా ఉండదు. 60 అడుగుల ఎత్తునుంచి దూకేనీరు, గాలి నిరోధాన్ని లెక్కచేయకపోతే, గంటకు 65 కిలోమీటర్లకు మించిన వేగంతో మడుగును తాకుతుంది. తనతో గాలిని లోపలికి ఈడ్చుకొని పోతుంది. తెల్లగా నురుగులు కక్కే నీటిలో గాలిబుడగలు విస్తారం. మన శరీరం మామూలు నీటిలో తేలడమే అంతంతమాత్రం. దాని సాంద్రత నీటిసాంద్రతకు చాల దగ్గర. నీటిలో అయిదవవంతు గాలి ఉంటే దాని సాంద్రత కూడ అంతమేరకు పడిపోతుంది. అందులో మనిషి తేలడు. చేతులు ఆడించినా పట్టు దొరకదు, నురుగును త్రోస్తే అది ఎంత ఎదురుత్రోపు ఇస్తుంది?

రెండవది, దూకిననీరు అడుగుకు పోయి అక్కడినుంచి దిగువకు సాగుతుంది. అడుగున వెలితి పడినచోటికి పైనీరు వెనుకకు, అనగా జలపాతంవైపునకు ప్రవహిస్తుంది. గట్టుమీదనుంచి చూచేవారికి మడుగు నిలకడగా ఉన్నట్లే ఉంటుంది. దిగినవాడిని మాత్రం పైపొర మెల్లగా జలపాతం క్రిందికి చేరుస్తుంది. అక్కడ నీరు అడుగుకు తొక్కుతుంది. తేలి వచ్చినా మరల అదే త్రోవ. మనవాళ్ళు సుడిగుండమని భయపడేది ఇటువంటిదానినే.

మూడవది, ఇంతకుముందు చెప్పిన రోళ్ళు. బండమీద నడుము లోతు ఉన్నదని దిగినవాడు తరువాతి అడుగు పది పన్నెండడుగుల గుంటలో వేయవచ్చును. చూరుక్రింద నీరు తొలిచిన గూళ్ళు కూడ ఉంటాయి. అందులోనికి కొట్టుకొనిపోతే పైకి లేవడానికి దారి ఉండదు. చలిదేశాల ఏళ్ళలో మరొకటి తోడవుతుంది. ఎండ కాస్తున్నా నీరు చల్లగానే ఉంటుంది. అంత ఎత్తునుంచి దూకిన శక్తి అంతా వేడిగా మారినా నీరు ఒక డిగ్రీలో ఇరవయ్యవ వంతు కూడ వెచ్చబడదు. హఠాత్తుగా చన్నీటిలో పడినవారికి తమ ప్రమేయం లేకుండనే గట్టిగా శ్వాస లోపలికి పోతుంది. ఆ క్షణంలో తల నీటిక్రింద ఉంటే ఊపిరితిత్తులలోనికి పోయేది గాలి కాదు.

ఇవికాక పైతట్టు బండలమీద నాచు. చాల ప్రమాదాలు ఈతతో మొదలు కావు, కాలు జారడంతో మొదలవుతాయి. ఛాయాచిత్రంకోసం జలపాతపు అంచుకు పోయినవారు, తడిబండమీద మరొకరికి చేయి అందించబోయినవారు ఇట్లా జారిపోతారు. మునిగేవారిని కాపాడదలచినవారు వెంట దూకడంకంటె త్రాడో, పొడుగాటి కఱ్ఱో, చీరో అందించడం, అది లేకుంటే తేలే వస్తువేదైనా విసరడం మేలు. తాను దూకితే రెండవవాడిని కూడ మడుగు అదే త్రోవను త్రిప్పుతుంది.

పైన ఎక్కడో వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తూనే నీరు పెరుగవచ్చును. నీరు హఠాత్తుగా మట్టిరంగుకు తిరగడం, ఆకులు, పుల్లలు కొట్టుకొనిరావడం, చప్పుడు హెచ్చడం, ఇవి గుర్తులు. తలకోనకు పోయేవారికి, ఎత్తిపోతలవంటి చోట్లకు పోయేవారికి కూడ ఈ గుర్తులు పనికివస్తాయి.

వాట్కిన్స్ గ్లెన్‌లో పైకొసకు చేరడానికి చివర యాకోబు నిచ్చెన అనే 180 మెట్లు ఎక్కవలెను. మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. అడుగు నున్నబడిన చెప్పులు పనికిరావు. పసిపిల్లల బండ్లు ఈ బాటన నడవవు. వాన వెలిసిన మరునాడు వెళితే జలపాతాలు నిండుగా ఉంటాయి, జనం తక్కువగా ఉంటారు. పైకి ఎక్కినవారు తిరిగి అదే దారిన దిగనక్కరలేదు. కోనకు ఉత్తరపు అంచుమీద ఇండియన్ బాట అనే మరొక కాలిబాట చెట్లనీడను పోతుంది. ఇక్కడ ఇండియన్ అంటే మనము కాదు, ఆ నేలకు మొదటివారు. ఆ దారిలో నీరు చాలవరకు కనబడదు, చప్పుడు మాత్రం వినబడుతూ ఉంటుంది. కొంతదూరం వచ్చిన తరువాత 85 అడుగుల వంతెన ఎదురవుతుంది.